ఎవరికీ అడ్డురాని అల్లుడు

చేవెళ్ల, మొయినాబాద్ దారిన హైదరాబాద్ నగరానికి వచ్చిపోయే ముడిమ్యాల వాళ్లకు గోల్కొండ కోట కొత్త కాదు. అక్కన్న, మాదన్న సోదరుల పేర్లూ కొత్త కావు. 1672లో తానీషాకు గద్దె ఎట్లా దక్కిందంటే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

అబ్దుల్లా కుతుబ్ షా 46 ఏళ్లు ఏలాడు. మగ సంతానం లేదు, ముగ్గురూ ఆడపిల్లలే. 1656లో మొగలులతో సంధి కుదిరినప్పుడు ఒక కూతుర్ని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చారు. తర్వాత రాజ్యం కూడా ఆ అల్లుడిదేనన్నారు. కానీ అతను మొగలుల వారసత్వ పోరులో పెదతండ్రి షుజా పక్కన చేరి, తండ్రి ఖైదులోనే మగ్గిపోయాడు.

మిగిలింది ఇంకో అల్లుడు సయ్యద్ అహ్మద్. దర్బారులో అతని మాటే చెల్లేది. మూడో కూతురికి సయ్యద్ సుల్తాన్‌తో పెళ్లి కుదిరితే, అది జరిగితే తాను మొగలుల వైపు పోతానని బెదిరించాడట. పెళ్లి ఏర్పాట్లన్నీ అయ్యాక పెళ్లికొడుకు మారాడు. రాజవంశానికి చుట్టమై, సూఫీ గురువు షా రాజు దగ్గర శిష్యుడిగా రోజులు గడుపుతున్న అబుల్ హసన్‌ను తెచ్చి పెళ్లి చేశారు. ఆ అబుల్ హసనే తానీషా. అవమానపడ్డ సయ్యద్ సుల్తాన్ పెళ్లి సామాను తగలబెట్టి మొగలుల కొలువుకు పోయాడని చెబుతారు. పోటీదారుణ్ని తప్పించానని మురిసిపోయిన అహ్మద్, తన చేత్తోనే ఇంకొకణ్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు.

అబ్దుల్లా కన్నుమూయగానే అహ్మద్ గద్దె ఎక్కాలని చూశాడు. అతని దర్పం భరించలేని సేనాని సయ్యద్ ముజఫర్, మూసా ఖాన్ కలిసి అబుల్ హసన్‌ను నిలబెట్టారు. చూడబోతే వాళ్లకు అతని మీద ప్రేమేమీ లేదు. మెత్తటివాడు, చెప్పినట్టు వింటాడన్నదే లెక్క.

అంతకు రెండేళ్ల ముందే రోములోనూ ఇదే లెక్క నడిచింది. 1669 డిసెంబరులో పోప్ తొమ్మిదో క్లెమెంట్ పోయాక, కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి కార్డినళ్లు నాలుగు నెలలకు పైగా తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఫ్రాన్స్ వద్దన్న మనిషిని స్పెయిన్ అడిగేది, స్పెయిన్ వద్దన్నవాణ్ని ఫ్రాన్స్. విసిగి, 1670 ఏప్రిల్ 29న 79 ఏళ్ల ఎమీలియో ఆల్తియేరిని పదో క్లెమెంట్‌గా ఎన్నుకున్నారు. వయసు మీరింది, నాకొద్దని ఆయన మొరపెట్టుకున్నా వినలేదు. ముసలాయన ఆరేళ్లు బతికాడు, పెత్తనం మాత్రం ఆయన బంధువుగా మారిన కార్డినల్ పలుజ్జి చేశాడు.

గోల్కొండలో ముజఫర్ మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. ఆ ముచ్చట ఎక్కువకాలం నిలవలేదు. అతని దగ్గరే పనిచేసిన మాదన్న సుల్తాన్ నమ్మకం సంపాదించి, ముజఫర్‌ను తప్పించి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మెత్తటివాడనుకున్న తానీషా తనను నిలబెట్టినవాణ్నే పంపించేశాడు! భోగలాలసుడని ఆయన్ను తీసిపారేసే చరిత్రకారులు ఇక్కడ కొంచెం ఆగాలి.

1686లో అక్కన్న, మాదన్నలను కోట బజారులోనే చంపేశారు. మరుసటేడు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబుకు చిక్కింది. తానీషా దౌలతాబాద్ ఖైదులో చనిపోయాడు.