కన్నం, బురుజు, తలారి: మన ఊళ్లలో ఇంటికి కాపలా ఎవరు కాసేవాళ్లు?

ఇవ్వాళ ఒక్క మాట పట్టుకుని మొదలుపెడదాం. కన్నం. "ఫలానా వాళ్లింటికి కన్నమేసిండ్రట" అని మీ నానమ్మో అమ్మమ్మో అనగా వినే ఉంటారు. ఇప్పుడు దొంగ తాళం పగలగొట్టినా, కిటికీ చువ్వలు వంచినా మనం కన్నమనే అంటాం. అసలు కన్నమంటే రంధ్రం. గోడకు పెట్టే రంధ్రం. తాళంతో దానికి సంబంధమే లేదు.

ఎందుకంటే పాత ఇంట్లో గట్టిగా ఉండేది తలుపే. మందపాటి చెక్క దర్వాజ, లోపల అడ్డగడియ. గోడేమో మట్టి. రెండు వానలు పడితే మెత్తబడుతుంది. తెలివున్న దొంగ దర్వాజతో ఎందుకు కుస్తీ పడతాడు? వెనక్కి పోయి, చీకట్లో కూర్చుని, చప్పుడు కాకుండా మనిషి పట్టేంత తవ్వుకుంటాడు. ఇది ఎంత పాత పద్ధతో తెలుసా? శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు అనే దొంగ చారుదత్తుడి ఇంటికి కన్నం వేసేదాని మీద ఒక పెద్ద సీనే ఉంది. ఏ ఆకారంలో తవ్వాలా అని ఆలోచిస్తాడు, కొలతతాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ కూడా 445వ సెక్షన్‌లో, ఇంటికి కన్నం వేయడమంటే ఏంటో చెప్తూ ఇచ్చిన మొదటి ఉదాహరణ ఇదే: గోడకు రంధ్రం చేసి చెయ్యి లోపల పెట్టడం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ ఉదాహరణ అట్లాగే ఉంది. మట్టి గోడలు పోయినయి, కన్నం చట్టంలో మిగిలింది.

మరి నల్లగొండ, పాలమూరు జనం ఏం చేసేవాళ్లు? పాత ఇండ్లు చూడండి. వీధి వైపు కిటికీలు తక్కువ, ఉన్నా చిన్నవి, ఎత్తులో. వెలుగంతా ఇంటి నడుమ వాకిట్లోంచే. ధాన్యానికి నేలలో పాతర. బ్యాంకులు లేని కాలం కదా, వెండీ బంగారం బిందెలో పెట్టి పూడ్చేవాళ్లు. ఇప్పుడు లంకెబిందెల పిచ్చితో రాత్రిపూట గుళ్లు తవ్వేవాళ్లున్నారే, ఆ పిచ్చికి మూలం ఇక్కడుంది. ఒకప్పుడు దొంగ నుంచి దాచినదాన్ని ఇప్పుడు ఇంకో దొంగ వెతుకుతున్నాడు, అంతే తేడా!

ఇదంతా ఒంటరి దొంగకు సరిపోతుంది. గుర్రాల మీద దండు దిగితే? ఊళ్ల మీద పడి దోచుకుపోయే దండుల భయం దక్కన్‌లో చాలాకాలం ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పిండారీలు, తర్వాత రోహిల్లాలు. మన ఊళ్లలో బురుజులు ఎందుకున్నాయో ఇప్పుడర్థమైందా? రాయీ మట్టీ కలిపి గుండ్రంగా కట్టిన కట్టడం, పైన తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. గుండ్రంగా ఎందుకంటే మూల ఉంటే అక్కడ తవ్వి కూల్చడం సులువు. పైకెక్కినవాడికి నాలుగు దిక్కులా పొలాలు కనిపిస్తాయి. దుమ్ము లేచిందంటే కేక వేస్తాడు, ఊరంతా మేలుకుంటుంది.

ఇక తలారి. సేత్‌సింధి అనీ అంటారు. ఈ మనిషి గురించి ఎవరూ వీడియో చేయరు, నాకది బాధ. రాత్రి గస్తీ తిరగాలి, ఊళ్లోకి వచ్చే కొత్త మొహాన్ని గుర్తుపట్టాలి. దొంగతనం జరిగితే అడుగుజాడ తీయాలి. పక్క మరాఠా ప్రాంతంలో ఈ పద్ధతి ఎట్లా నడిచేదో 1819 నాటి తన నివేదికలో ఎల్ఫిన్‌స్టన్ రాశాడు. కావలివాడు జాడ పట్టుకుని ఊరి పొలిమేర దాకా పోతాడు. జాడ పక్క ఊళ్లోకి వెళ్లిందని చూపిస్తే, అక్కణ్నుంచి బాధ్యత ఆ ఊరిది. చూపించలేకపోతే పోయిన సొమ్ముకు జవాబు చెప్పాల్సింది ఈ ఊరే. ఆలోచించండి, ఇవ్వాళ మన వీధిలో దొంగతనం జరిగితే వీధంతా కలిసి జవాబు చెప్పాలంటే మనం ఎన్నిసార్లు కిటికీలోంచి తొంగి చూస్తాం?

ఆగండి, ఇదేదో స్వర్ణయుగం అనుకోకండి. కాపలా కాసేవాడి ఇల్లు ఎవరు కాసేవాళ్లు? ఎవరూ కాయలేదు. నిజాం పాలనలో వెట్టి అనేది ఎట్లా నడిచిందో నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. కింది కులాలవాళ్లు తమ గుడిసె వదిలేసి, దొర గడి దగ్గర కూలి లేకుండా రాత్రులు కావలి ఉండాలి. గడి గోడ ఎంత ఎత్తు ఉంటే లోపల ధాన్యం అంత భద్రం, సరే. ఆ ధాన్యం ఎవరి పొలాల నుంచి వచ్చింది? గోడ బయట ఉన్నవాళ్ల కష్టమే కదా.

అనుమానం కూడా అట్లాగే కిందికే పోయేది. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, నిజాం రాజ్యంలోనూ అలాంటి చట్టమే వచ్చింది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన లంబాడీలకు రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. దానిమీద దొంగలన్న ముద్ర ఒకటి. పుట్టుకతోనే నేరస్థుడని రాసిపెట్టే చట్టాన్ని దేశంలో రద్దు చేసింది 1952లో.

అన్నిటికన్నా దారుణం, రాజ్యం అండతోనే దోపిడీ రావడం. 1947-48లో రజాకార్లు ఊళ్ల మీద పడ్డప్పుడు తాళం, గడియ, తలారి ఏవీ పనిచేయలేదు. మగవాళ్లు వడిసెల పట్టారు, ఆడవాళ్లు రోకళ్లు, కారంపొడి పట్టారు. నల్లగొండకు ఉత్తరాన, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో జనం పాత బురుజునే మళ్లీ కోట చేసుకున్నారు. ముందు దాడుల్ని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతో పాటు సైన్యమూ వచ్చింది. పిండారీల కాలపు గోడ దానికి ఆగలేదు. ఎనభై మందికి పైగా చంపేశారు. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ బురుజు ఇంకా నిలబడే ఉంది.

తర్వాత కథ త్వరగా చెప్తా. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీలను తీసేసింది, వాళ్లతోపాటు పోలీస్ పటేల్ కూడా పోయాడు. పాత తలారి, నీరడి, సేత్‌సింధీల వారసులు వీఆర్ఏలుగా మిగిలారు, 2023లో తెలంగాణలో వాళ్లనూ వేరే శాఖల్లో సర్దారు. ఊరికి ఉన్న చివరి కావలి పోస్టు అట్లా పోయింది. ఆ పేర్లు మోసిన కుటుంబాల్లో చాలామందికి అది విముక్తే, అది కూడా చెప్పాలి.

మరిప్పుడు? స్తంభం మీద సీసీ కెమెరా. తెలంగాణ పోలీసుల నేను సైతం కార్యక్రమంలో కాలనీలవాళ్లే డబ్బులేసుకుని పెట్టించుకున్నారు. ఆంధ్రలో తాళం వేసి ఊరెళ్తే పోలీసులకు చెప్పే యాప్ వచ్చింది, అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు. కానీ పాలమూరు లేబర్ సంగతి చూడండి. ఇల్లంతా కలిసి నెలల తరబడి దూరదేశం పనికి పోతారు. దర్వాజకు తాళం, దానికడ్డంగా ఒక ముళ్లకంప, పక్కింటి ముసలమ్మకు ఒక మాట. వాళ్ల ఇంటికి ఇప్పటికీ ఆ ముసలమ్మే తలారి.

మీ ఊళ్లో బురుజు ఉంటే, సగం కూలినా సరే, ఒక ఫోటో తీయండి. దాని మీద చివరిసారి కావలి ఉన్నది ఎవరో మీ ఊరి పెద్దవాళ్లను అడిగి, ఆ పేరు కూడా కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పేర్లు చదువుతా.