ఇంజన్‌కు నీళ్లు, ప్రయాణికుడికి భోజనం: మైకీస్‌ఫొంటేన్ లార్డ్ మిల్నర్ హోటల్ – ఒక వారసత్వ పరిశీలన

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి రోడ్డుమీద సుమారు 240 కిలోమీటర్లు లోపలికి పోతే, కరూ అనే ఎండు మైదానం అంచున మైకీస్‌ఫొంటేన్ అనే చిన్న రైల్వే ఊరు ఉంది. ఊరంటే దాదాపు ఒకే వీధి. రైలు దిగినవాడికి ఎదురుగా కనిపించేది లార్డ్ మిల్నర్ హోటల్: రెండంతస్తులు, పైన కోట బురుజులు, ముందు పోతఇనుప అల్లికల వసారా. పర్యాటక రచనలు ఈ బురుజుల దగ్గరే ఆగిపోతాయి. 1899లో లేచిన ఈ భవనం అసలు కథలో చివరి అధ్యాయానికి చెందింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో జరిగిన రైల్వే వ్యాపారాన్ని పక్కనపెడితే, ఎడారిలాంటి చోట ఇంత హోటల్ ఎందుకు కట్టారో అర్థం కాదు.

కేప్‌టౌన్ నుంచి బయల్దేరిన రైలుమార్గం హెక్స్ రివర్ కొండల కనుమ ఎక్కి, 1878 ప్రాంతంలో కరూలోకి అడుగుపెట్టింది. దాని గమ్యం కింబర్లీ వజ్రాల గనులు. 1885లో అక్కడికి చేరింది. మరుసటి ఏడాదే విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడటంతో ఉత్తరానికి వెళ్లే జనం ఇంకా పెరిగారు. అప్పటి బళ్లలో భోజనాల పెట్టె లేదు. ఆవిరి ఇంజన్‌కు దారి పొడుగునా నీళ్లు కావాలి, కరూలో దొరకనివి అవే. బండి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆగినచోట వేడి భోజనం పెట్టగలిగినవాడికి గిరాకీని వెతుక్కోవాల్సిన పని లేదు, టైంటేబులే తెచ్చి దింపుతుంది. మన దక్షిణాది రైల్వేల్లో స్పెన్సర్ కంపెనీ నడిపిన రిఫ్రెష్‌మెంట్ రూములను గుర్తుచేసుకుంటే ఈ వ్యాపారం స్వభావం తెలుగు పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

ఆ అవకాశాన్ని పసిగట్టినవాడు జేమ్స్ డగ్లస్ లోగన్. 1857లో స్కాట్లండ్‌లోని రెస్టన్‌లో పుట్టి, చిన్న వయసులోనే అక్కడి రైల్వేలో పనిచేశాడు. 1877లో ఆస్ట్రేలియాకు పోతుండగా ఓడ దెబ్బతిని సైమన్స్‌టౌన్‌లో దిగిపోయి, కేప్‌టౌన్ స్టేషన్‌లో పోర్టర్‌గా చేరాడు. కొద్ది ఏళ్లకే టౌస్ రివర్ కేంద్రంగా ఒక సెక్షన్‌కు పర్యవేక్షకుడయ్యాడు. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, ఇంజన్లకు నీళ్లు ఎక్కడ చాలవో అతనికి ఉద్యోగంలోనే తెలిసింది. ముందు టౌస్ రివర్ ఉపాహారశాల పట్టాడు. 1880ల తొలినాళ్లలో మైకీస్‌ఫొంటేన్‌కు మారి భూములు కొన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుకు కరూ పొడిగాలి పనిచేసిందన్నది అతని జీవితకథల్లో తప్పక కనిపించే మాట. నిజమే కావచ్చు. కానీ గాలికన్నా నీళ్లు ముఖ్యం. ట్వీడ్‌సైడ్ అనే తన పొలంలోని ఊటనుంచి గొట్టాలు వేయించి ఊరికీ రైల్వేకూ నీళ్లందించాడు, సోడా నీళ్ల కర్మాగారం కూడా పెట్టాడు. తక్కిన వ్యాపారమంతా ఈ నీళ్లమీదే నిలిచింది.

లోగన్ బలం ఎంతటిదో 1892లో బయటపడింది. కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ మంత్రివర్గంలో ప్రజాపనులు చూసే జేమ్స్ సైవ్‌రైట్, రైల్వే ఉపాహారశాలల కాంట్రాక్టును టెండర్లు పిలవకుండా దీర్ఘకాలానికి మిత్రుడైన లోగన్‌కు కట్టబెట్టాడు. జేమ్స్ రోజ్ ఇన్స్, జాన్ మెరిమన్, జేకబస్ సావర్ అనే ముగ్గురు మంత్రులు ససేమిరా అన్నారు. కాంట్రాక్టు రద్దయింది. సైవ్‌రైట్‌తో కలిసి కూర్చోబోమని ఆ ముగ్గురూ పట్టుబట్టడంతో 1893లో రోడ్స్ రాజీనామా చేసి, ఆ నలుగురూ లేని కొత్త మంత్రివర్గాన్ని ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. స్టేషన్‌లో అమ్మే టీ, మాంసం కూర, బీరు ఒక వలస ప్రభుత్వాన్ని కూల్చాయనడం కాస్త అతిశయోక్తి. అయినా రైల్వే భోజనం అప్పటికే ఎంత పెద్ద రాజకీయ సొత్తో దీన్నిబట్టి అంచనా వేయవచ్చు. హోటల్‌ను వారసత్వ సంపదగా చదివేటప్పుడు బురుజులకన్నా ఈ కాంట్రాక్టు కాగితాలకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

అతిథుల జాబితా ఇక్కడ ఎప్పుడూ ఊరించేదే. నవలాకారిణి ఆలివ్ ష్రైనర్ 1890ల ఆరంభంలో ఈ ఊళ్లో ఒక చిన్న ఇంట్లో ఉంది. ఉబ్బసం ఆమెను ఇక్కడికి తెచ్చింది. ఇంగ్లండ్ బౌలర్ జార్జ్ లోమన్‌ను తెచ్చింది క్షయ. 18 టెస్టుల్లో 10.75 సగటుతో 112 వికెట్లు తీసిన ఆ మనిషి, 1901లో లోగన్ ఖర్చుమీద ఇంగ్లండ్ వెళ్లిన దక్షిణాఫ్రికా జట్టుకు మేనేజరుగా పోయి, అదే ఏడాది డిసెంబరులో 36 ఏళ్లకే ఇక్కడ చనిపోయాడు. దేశంలో యుద్ధం నడుస్తుండగా క్రికెట్ జట్టును పంపడం అప్పుడే విమర్శలకు గురైంది. ఆ జట్టులో లోగన్ కొడుకు కూడా ఉన్నాడు!

ఆ యుద్ధమే హోటల్‌కు తొలి ఉపయోగం. 1899 అక్టోబరులో డచ్ సంతతి బోయర్లతో బ్రిటిష్‌వారి పోరు మొదలైంది. కొత్త భవనం కోలుకుంటున్న సైనికాధికారులకు ఆసుపత్రి అయింది, బురుజులు కాపలా గూళ్లయ్యాయి, చుట్టూ వేలాదిమంది బ్రిటిష్ సిపాయిలు గుడారాలు వేశారు. డిసెంబరు 11న మాగర్స్‌ఫొంటేన్ పోరులో చనిపోయిన మేజర్ జనరల్ ఆండ్రూ వాకప్ సమాధి కూడా ఈ ఊరి బయటి శ్మశానంలోనే, లోమన్ సమాధి ఉన్నచోటే ఉంది. బ్రిటిష్ హైకమిషనర్ ఆల్ఫ్రెడ్ మిల్నర్ పేరు హోటల్‌కు ఉండటం ఆ రోజుల పక్షపాతానికి ముద్ర.

లోగన్ 1920లో పోయాడు. బళ్లలోనే భోజనం దొరకడం, హైవే ఊరిని తప్పించుకుపోవడం కలిసి ఊరిని నీరసింపజేశాయి. 1968లో హోటల్ వ్యాపారి డేవిడ్ రాడన్ ఊరిని కొని, మరమ్మతు చేయించి, 1970లో హోటల్‌ను తిరిగి తెరిచాడు. 1975లో ఊరు జాతీయ స్మారకమైంది. ఆయన పూనుకోకపోతే గోడలు మిగిలేవి కావు. ఆ మేలు ఒప్పుకోవాలి. అయితే నిలబెట్టింది విక్టోరియా రాణి కాలపు విందు వాతావరణాన్నే. లండన్ ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులో ఊరు చూపించడం అందులో భాగం. లోగన్ కాలంలో అలాంటి బస్సు ఇక్కడ లేదు. నేడు బ్లూ ట్రెయిన్ వంటి విలాస రైళ్లు ఇక్కడ ఆగుతాయి. వాటిలో భోజనశాల ఉంది. ప్రయాణికులు తినడానికి కాదు, చూడటానికి దిగుతారు.

వంట చేసినవారు, బట్టలుతికినవారు, పట్టాలు సరిచేసినవారు ఈ కథనంలో ఎక్కడ? ఈ ప్రశ్న దక్షిణాఫ్రికా అంతటికీ వర్తిస్తుంది. తెలుగువారికి దానితో నేరుగా చుట్టరికం కలిసేది కేప్‌లో కాదు, నేటాల్‌లో. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువారు గణనీయం. చెరకు తోటలతో పాటు నేటాల్ ప్రభుత్వ రైల్వే కూడా భారతీయ ఒప్పంద కూలీలను పెట్టుకుంది. ఆ శ్రమకు బురుజుల హోటల్ లాంటి గుర్తు ఒక్కటీ ఉండదు గనుక, కాగితాల్లోనే వెతకాలి.

1975 నాటి ప్రకటన వర్ణవివక్ష ప్రభుత్వ కాలానిది. 1999 నాటి జాతీయ వారసత్వ వనరుల చట్టం కింద పాత జాతీయ స్మారకాలు ప్రాంతీయ వారసత్వ స్థలాలుగా మారాయి. చట్టం పరిధి పెరిగి జీవన వారసత్వాన్ని, మౌఖిక చరిత్రను కూడా గుర్తించింది. మైకీస్‌ఫొంటేన్‌లో ఆ వెసులుబాటును వాడుకోవాలంటే ట్వీడ్‌సైడ్ ఊటనుంచి స్టేషన్‌దాకా వచ్చిన నీటిగొట్టపు దారిని పటంమీద గీయడంతో, హోటల్లో తరతరాలుగా పనిచేసిన కుటుంబాల మాటలు నమోదు చేయడంతో పని మొదలుపెట్టాలి.