విత్తనం ఎవరిది, లెక్క ఎవరిది?

మా కొత్తపట్నానిది ఇసుక నేల. పత్తి కబుర్లన్నీ పడమటి నల్లరేగళ్ల నుంచే వస్తాయి. 2002లో మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతొచ్చింది. అప్పుడు 450 గ్రాముల విత్తనాల ప్యాకెట్ 1,600 రూపాయలు! మరుసటి ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రిక పరిశోధకులు కైమ్, జిల్బర్‌మన్‌ల వ్యాసం అచ్చేసింది. బీటీతో దిగుబడి 80 శాతం ఎక్కువట. ఆ అంకెలు 2001లో మహికో కంపెనీ వేయించిన ప్రయోగపు చేలవి. అప్పట్లో విత్తనం అమ్మిందీ ఆ కంపెనీయే.

కంపెనీలతో ఉన్న డబ్బు సంబంధాలు చెప్పమని వ్యాస రచయితలను ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ 1984లోనే అడిగింది. నన్నడిగితే, జీతం ఇచ్చిందెవరన్నదే కాదు, లెక్క ఇచ్చిందెవరో కూడా అడగాలి.

ఇదే బీటీ పత్తి గురించి వరంగల్ రైతులనడిగి అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖారి అనే పరిశోధకులు తేల్చింది వేరు: బీటీ వేసినవాళ్లే నష్టపోయారని. వాళ్ల నివేదిక వేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మాత్రం జన్యుమార్పిడి పంటలకు బాహాటంగా వ్యతిరేకి.