మూత్రాశయ కేన్సరు తొలిదశ శస్త్రచికిత్స: విద్యుత్తు నుంచి లేజర్ దాకా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా విజయవాడ రహదారి వెంట కనిపించే ఆసుపత్రి బోర్డులపై ‘లేజర్’ అంటే ‘కోతలేని చికిత్స’ అనే అర్థం స్థిరపడింది. మూత్రాశయ కేన్సరు తొలిదశ విషయంలో ఈ అర్థం చరిత్రకు నిలవదు. ఇక్కడ ‘సంప్రదాయ’ శస్త్రచికిత్స అనబడుతున్నదానిలోనూ చర్మంపై కోత ఉండదు.

మాక్స్ నిట్జె 1879లో వియన్నాలో ప్రదర్శించిన మూత్రాశయ దర్శిని కణితిని చూడటానికే పనికివచ్చింది. తీయాలంటే పొత్తికడుపు తెరవవలసిందే. 1910లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ బీర్ అదే గొట్టం గుండా విద్యుత్తును పంపి కణితులను మాడ్చాడు. 1926లో మాక్స్ స్టెర్న్ తీగ ఉచ్చుతో కోసే రెసెక్టోస్కోపును రూపొందించగా, 1931లో జోసెఫ్ మెకార్తీ దానిని మెరుగుపరిచాడు. నేటి సంప్రదాయ పద్ధతికి మూలం ఇదే.

దాని బలహీనత విద్యుత్తులోనే ఉంది. తొడ కండరాలను కదిలించే ఆబ్ట్యురేటర్ నాడి మూత్రాశయపు పక్కగోడకు చేరువగా సాగుతుంది. విద్యుత్తు దానిని ప్రేరేపిస్తే, నడుముకు మత్తు ఇచ్చినా సరే, రోగి కాలు ఒక్కసారిగా అదురుతుంది. ఆ క్షణంలో ఉచ్చు గోడకు చిల్లు పెట్టవచ్చు. హోల్మియం, థూలియం లేజర్లు నాడిని ఇలా ప్రేరేపించవు. లేజర్ అసలు ప్రయోజనం ఇది. బోర్డులు మాత్రం దీనిని చెప్పవు!

ఉచ్చు కణితిని ముక్కలుగా కోస్తుంది. ఏకఖండంగా తీస్తే వ్యాధి కండరపొరను చేరిందా లేదా అన్నది సూక్ష్మదర్శిని కింద మరింత స్పష్టంగా తేలుతుంది. తదుపరి చికిత్స అంతా దానిమీదనే ఆధారపడుతుంది. మూడు సెంటీమీటర్ల లోపు కణితులపై హాంకాంగ్‌లో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, ఏకఖండ పద్ధతి వల్ల ఏడాదిలోపు పునరావృత్తి 38 నుంచి 29 శాతానికి తగ్గింది. అయితే అక్కడ వాడినది విద్యుత్తే. కాబట్టి ఆ లాభాన్ని లేజర్ ఖాతాలో వేయడం తొందరపాటు. పైగా, తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి, 1976లో ఆల్వారో మొరాలెస్ ప్రకటించిన బి.సి.జి. చికిత్స ఏ పరికరం వాడినా తప్పదు.

తూర్పు హైదరాబాద్ రోగికి ఈ వ్యాధి ఒక్క శస్త్రచికిత్సతో ముగిసేది కాదు. మూడు నెలలకు తొలి దర్శిని పరీక్ష, ఆపై ఏళ్ల తరబడి పునఃపరీక్షలు. మూసీ దాటి అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి పోవలసిన ఈ ప్రాంతానికి 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. కొత్తపేటలోని పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడిన పొగతాగేవాడు ఎంత త్వరగా దర్శిని పరీక్షకు చేరుతాడన్నది, ఉచ్చా లేజరా అన్న ప్రశ్నకంటే ముందు వస్తుంది.