ఆదికాండము 3:16, ప్రసవవేదన నివారణ: ఒక చారిత్రక పరిశీలన

క్లోరోఫాం వాడుకలోనికి వచ్చినప్పుడు సంఘము దానిని ఎదిరించిందనీ, హవ్వకు విధింపబడిన వేదనను తొలగించుట దైవద్రోహమని బోధకులు ప్రకటించారనీ ప్రసంగాలలో తరచుగా వింటుంటాము. చరిత్రను జాగ్రత్తగా చూచినప్పుడు ఈ మాట అంత బలముగా నిలువదు. నొప్పి తగ్గించే సూది అడిగిన తల్లిని విశ్వాసము లేనిదిగా ఎంచేవారు నేటికీ ఉన్నారు కనుక ఈ విషయము కాపరులకు సంబంధించినదే.

ఎడిన్‌బరోలో ప్రసూతి వైద్యాచార్యుడైన జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 జనవరిలో ఈథరును, నవంబరులో క్లోరోఫాంను ప్రసవములో వాడారు. డిసెంబరు నాటికే మతపరమైన అభ్యంతరములకు జవాబుగా ఒక కరపత్రము ప్రచురించారు. 3:16లో వేదన అని అనువదింపబడిన హెబ్రీ పదము ఎత్సెబ్. అదే పదము సామెతలు 14:23లో కష్టము అను అర్థములో కనబడుతుంది. దాని సంబంధ పదమైన ఇత్సాబోన్ 3:17లో ఆదాము సేద్యమునకు వాడబడింది. ప్రసవపు నొప్పులను చెప్పుటకు ప్రవక్తలు వాడిన హీల్, హెబెల్ అను పదములు వేరు. ఎద్దులను, యంత్రములను వాడి సేద్యగాడు తన శ్రమను తగ్గించుకొనుట పాపము కానప్పుడు, తల్లి నొప్పిని తగ్గించుట పాపమెట్లగునని ఆయన వాదన. 2:21లోని ఆదాము గాఢనిద్రను కూడా ఆయన ఉదహరించారు గాని, ఇది బలహీనమైన వాదన. అక్కడ నొప్పి ప్రస్తావనే లేదు.

మరి ఎదిరించినవారెవరు? ఎ. డి. ఫార్ 1983లో ప్రచురించిన పరిశోధనలో, సంఘముల వ్యతిరేకతకు ఆధారములు అతి స్వల్పమని చూపారు. సింప్సన్ రాబోవు అభ్యంతరములకు ముందుగానే జవాబు వ్రాసినట్లున్నది. గట్టిగా వాదించినవారిలో ఫిలడెల్ఫియా ఆచార్యుడు చార్లెస్ మెయిగ్స్ వంటి వైద్యులే ప్రముఖులు.

క్లోరోఫాం మెదడుపై పనిచేస్తుంది, శిశువుకూ చేరుతుంది. స్పృహ పోకుండా నొప్పిని మాత్రమే ఆపే మార్గము 1898లో కీల్ పట్టణములో ఆగస్ట్ బియర్ కొకెయిన్‌తో చేసిన వెన్ను మత్తుతో తెరువబడింది. 1900లో బాసెల్‌లో ఆస్కర్ క్రైస్ దానిని ఆరుగురు తల్లులకు ఇచ్చారు. నొప్పి వెంటనే తగ్గింది. అయితే వాంతులు, తీవ్రమైన తలనొప్పి వెంబడించాయి. పైగా ఒక్క సూది ప్రభావము కొంతసేపే. 1909లో మార్‌బర్గ్‌లో వాల్టర్ స్టోకెల్ వెన్నుపూస చివరి భాగము నుండి, వెన్నుపాము పొరకు వెలుపల మందు ఎక్కించే కాడల్ పద్ధతిని ప్రసవములో వాడారు. 1942లో అమెరికాలో రాబర్ట్ హింగ్‌సన్, వాల్డో ఎడ్వర్డ్స్ సూదిని అక్కడే ఉంచి, మందును మరల మరల ఇచ్చే విధానమును ప్రకటించారు. (ఈ హింగ్‌సనే తరువాత బ్రదర్స్ బ్రదర్ అను సేవాసంస్థను స్థాపించారు.) కాని గర్భాశయపు నొప్పులను మోసే నరములు వెన్నులో ఇంకా పైన చేరతాయి. అంత దూరము మందు ఎక్కాలంటే ఎక్కువ మోతాదు కావాలి. అందువలన స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిదెల్ పహేస్ 1921లో వర్ణించిన నడుము ఎపిడ్యూరల్, సన్నని గొట్టముతో కలిసి క్రమముగా ముందుకు వచ్చింది.

ఎపిడ్యూరల్ నొప్పిని తీసివేసి ప్రయాసమును మిగిల్చిందా? మొదట్లో పూర్తిగా కాదు. బలమైన మోతాదు కాళ్లను బిగువు కోల్పోజేసి, తల్లి ముక్కే శక్తిని కూడా తగ్గించేది. 2001లో ప్రచురింపబడిన బ్రిటన్ పరిశీలనలో, తొలిచూలు తల్లులు 1054 మందిలో, పాత మోతాదు పొందినవారికి సాధారణ ప్రసవము సుమారు 35 శాతము. తక్కువ మోతాదువారికీ, వెన్ను మత్తును ఎపిడ్యూరల్‌తో కలిపి పొందినవారికీ సుమారు 43 శాతము. కలిపిన పద్ధతిలో ఉపశమనము త్వరగా కలుగుతుంది. ఏ పద్ధతిలోనైనా రక్తపోటు పడిపోవచ్చును. కనుక మత్తు వైద్యుని పర్యవేక్షణ లేనిచోట ఇది తగదు.

రోమను కతోలిక సంఘములో ఈ ప్రశ్నకు 1956 జనవరి 8న పోపు 12వ పయస్ జవాబిచ్చారు. ప్రసవమును సులభము చేసే సాధనములను ఆదికాండము నిషేధించలేదని ఆయన చెప్పారు. విచిత్రమేమంటే ఆనాడు చర్చలో ఉన్నది సూది మందు కానే కాదు, సోవియట్ వైద్యులు రూపొందించిన శిక్షణ పద్ధతి. దానిని కనుగొన్నవారు భౌతికవాదులైనంత మాత్రాన తల్లులు దానిని విడిచిపెట్టనక్కరలేదని కూడా ఆయన తేల్చారు.