గడియకుడుకయు జేగంటయు

మన భాషయందలి రెండు కాలవాచకములు రెండు పనిముట్లనుండి పుట్టినవి. గడియ యనునది ఘటికా శబ్దభవము; ఘటిక యనగా చిన్నకుండ. గంట యనునది మ్రోగు వస్తువు. ఒకటి కాలమును కొలుచును. రెండవది యా కొలతను ఊరికి వినిపించును. ఈ భేదమును మఱచినచో ప్రాచీనగ్రంథములందలి గడియలను నేటి వేళలకు మార్చునపుడు పొరపాటు వాటిల్లును.

అడుగున రంధ్రముగల రాగిపాత్ర నిర్మలజలమున అహోరాత్రమునకు అఱువది మాఱులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. దీనినే మనవారు గడియకుడుక యందురు. కావున గడియ 24 నిమిషములు. రెండున్నర గడియలు నేటి గంట. ఏడున్నర గడియలు జాము. కుడుక మునిగినపుడెల్ల కావలివాడు జేగంటను కొట్టును. క్రీ. శ. ఏడవ శతాబ్దమున ఇత్సింగు నలందావిహారమున నిట్టి జలఘటికను, దాని ననుసరించి మ్రోగు భేరిని వర్ణించెను.

అయిన, నడిరేయి మేల్కొని దెబ్బలు మాత్రమే విన్నవానికి అది యే జామో తెలియదు. బాబరు ఈ లోపమును గుర్తించి, గడియల దెబ్బలకు పిమ్మట కొంత యెడమిచ్చి జాముసంఖ్యను గూడ మ్రోగింప నాజ్ఞాపించినట్లు స్వీయచరిత్రమున వ్రాసికొనెను.

ఇక లెక్క యెచట మొదలగునో చూడవలెను. 1802లో గోల్డింగుహాము చెన్నపట్టణపు వేళ గ్రీనిచ్చి వేళకంటె 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందని నిర్ణయించెను. అచటి వేధశాల గడియారము ననుసరించి రాత్రి 8 గంటలకు ఫిరంగి పేల్చుచుండిరి. పూర్వము జేగంట చేసిన పనినే ఫిరంగి చేసినది.

మునేటి యొడ్డున తిరుపతమ్మ వెలసిన పెనుగంచిప్రోలు ఇంచుమించు చెన్నపట్టణపు రేఖాంశముననే యున్నది. కావున ఆ వేళ యీ యూరి సూర్యునితో సరిపోవుచుండెను. 1906లో 82½ డిగ్రీల రేఖాంశము దేశమునకు ప్రమాణమైనది. నాటినుండి యిచట సగటు మధ్యాహ్నము గడియారమున 12 గంటల 9 నిమిషములకు వచ్చుచున్నది.

పంచాంగపు గడియ సూర్యోదయమున మొదలగును. పెనుగంచిప్రోలిలో జూనునెల సూర్యోదయము అయిదున్నరకు కొంచెము పిమ్మట. జనవరిలో ఆఱున్నర దాటును. కావున అయిదు గడియల జేగంట జూనున ఏడున్నర దాటగనే వినబడును. జనవరిలో ఎనిమిదిన్నర దాటినగాని వినబడదు. ఆఱు గంటలకు రెండు చేర్చి యెనిమిదనుట రెండుచోట్లను తప్పే. శాసనములందును కావ్యములందును ప్రొద్దెక్కిన గడియలు చెప్పబడినచోట, ఆ యూరి యా దినపు సూర్యోదయమును గణించిన పిమ్మటనే వేళను నిర్ణయించుట న్యాయము.