కన్ను ముట్టకు

మే నెల. నల్లగొండ. పొద్దున ఏడింటికే రేకుల గది కాగుతోంది. ఉత్తరం కిటికీ ఒక్కటే తెరిచావు. అటునుంచి వచ్చే వెలుతురు మిగతా వైపులంతగా మారదు. అవతల లతీఫ్ సాబ్ గుట్ట. ఫ్యాను వేద్దామని స్విచ్చు దాకా పోయిన చెయ్యి ఆగింది. దుమ్ము లేచిందంటే తడి రంగుకు అంటుకుంటుంది. చెమట కారితే కారనీ.

గోడ మీది ప్రింటులోంచి ఒక కుర్రవాడు నిన్నే చూస్తున్నాడు. రెండు చేతులతో జుట్టు పీక్కుంటున్నాడు. కళ్ళు ఇంతింత చేసుకున్నాడు. ఫ్రాన్సు చిత్రకారుడు గుస్తావ్ కూర్బే. 1843-45 మధ్య తన మొహం తానే వేసుకున్నాడు. ‘ఆశ ఉడిగినవాడు’ అని దాని పేరు. ఆయన కూడా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పెద్దల బొమ్మలు చూసి వేస్తూనే చెయ్యి తిప్పుకున్నాడు. నకలు తీస్తున్నానని నువ్వు సిగ్గుపడే పని లేదు.

అసలు బొమ్మ 45 సెంటీమీటర్ల ఎత్తు, 54 వెడల్పు. నీ కాన్వాసు 36, 43. కావాలనే తగ్గించావు. లూవ్ర్‌లో నకలు తీసేవాళ్ళకు ఆ షరతు ఉంది: అసలుకన్నా ఐదో వంతు చిన్నదైనా కావాలి, పెద్దదైనా కావాలి. రేపెవరూ దాన్నే అసలని అమ్మకుండా.

ప్రింటు మీద గళ్ళు కొట్టావు. కాన్వాసు మీదా అన్నే గళ్ళు. పక్కింటి చిన్నాయన నేర్పిన పద్ధతి ఇది. ఫ్లెక్సీలు రాకముందు ఆయన సినిమా బోర్డులు రాసేవాడు. అరచేతిలో పట్టే ఫొటోలోని హీరోను ఈ గళ్ళతోనే హాలు ముందు నిలబెట్టేవాడు.

బర్న్ట్ అంబర్‌లో టర్పెంటైన్ కలిపి పలచగా నీడలు పరుస్తున్నావు. కింది పొరలో నూనె తక్కువ ఉండాలి, పైకి పోయేకొద్దీ పెరగాలి. తారుమారైతే పై పొర ముందే బిగుసుకుపోయి, తర్వాత పగుళ్ళిస్తుంది. జుట్టు కింద నీడ. ముక్కు పక్కన నీడ. చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు, కన్ను వైపే లాగుతోంది.

గుమ్మంలోంచి చిన్నాయన గొంతు: “కన్ను ముట్టకు బిడ్డా. ముందుగాల నీడ కానియ్యి.”

మధ్యాహ్నం. ఇక తప్పదు. కన్నే.

టైటానియం వైట్‌లో కుంచె ముంచబోయి ఆగావు. కూర్బే కాలంలో ఈ తెలుపు లేదు. ఆయన వాడింది సీసపు తెలుపు, ఇంత చల్లగా ఉండదు. అట్టముక్కకు చిల్లు పొడిచి అందులోంచి చూడు. చొక్కా మీది వెలుగు పక్కన కంటి తెలుపు ఎక్కడిది? బూడిద రంగు! కొంచెం ఎల్లో ఓకర్ కలిపావు. చిటికెడు అంబర్. పెట్టావు.

వెనక్కి జరిగి చూశావు. ఒక కన్ను నిన్ను చూస్తోంది. రెండోది తలుపును చూస్తోంది.

దిద్దాలా? దిద్దితే మురికవుతుంది. వదలాలా? వదిలితే మెల్లకన్ను. కత్తి తీశావు. గీకావు. తుడిచావు. మళ్ళీ కలిపావు. ఊపిరి బిగబట్టావు. ఒక్క గీత.

చూస్తున్నాడు. చెయ్యి తియ్యి!

అప్పుడు తగిలింది వాసన. మూలన రంగు తుడిచిన నూనె గుడ్డల కుప్ప. చెయ్యి పెట్టావు. వేడి. ఎండ అక్కడ పడదు మరి. రంగులోని అవిసె నూనె నీళ్ళలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడే వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడికి దారి దొరకదు. అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది.

బకెట్. నీళ్ళు. ముంచు. అన్నీ. రేకు డబ్బాలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, మూత పెట్టు.

కాన్వాసు వెనక ‘కూర్బే చిత్రానికి నకలు’ అని రాసి, నీ పేరు, తేదీ వెయ్యి. ముందువైపు ఆయన సంతకం మాత్రం దించకు. రంగు ఆరేలోపు హైదరాబాద్ బస్సెక్కి, సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ నూనెరంగుల బొమ్మల ముందు నిలబడి రా. రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో ఏ ప్రింటూ చూపించదు.